గుమ్మం మీద బరువు

ఇల్లు కడుతున్న చోటికి సాయంత్రం, పనివాళ్ళు వెళ్ళిపోయాక వెళ్ళి చూడండి. పిల్లర్లు లేచాయి, పైన శ్లాబు పడింది, గదుల మధ్య గోడలు మాత్రం ఇంకా రాలేదు. అయినా గుమ్మాలు వచ్చేశాయి. ఖాళీ నేల మీద నాలుగైదు ద్వారబంధాలు, సరుగుడు బాదుల ఆసరాతో, ఏ గోడకూ అంటకుండా నిలబడి ఉంటాయి. చుట్టూ తిరిగి వెళ్ళడానికి బోలెడంత చోటున్నా కాళ్ళు ఎందుకో ఆ గుమ్మంలోంచే నడుస్తాయి. పిల్లలైతే లేని తలుపు తట్టి "ఎవరూ?" అని ఆడుకుంటారు.

మా ఇల్లు కట్టినప్పుడు అలా నడవబోయి తట్టుకుని పడ్డాను. రెండు నిలువు చెక్కలనూ కలుపుతూ నేలకు జానెడు ఎత్తున ఒక పట్టె కొట్టి ఉంది. పనికిమాలిన అడ్డం అనుకుని పీకబోతే మేస్త్రీ పరుగున వచ్చాడు. "దాన్ని ముట్టుకోకండి సార్! గోడ లేచేదాకా గడప అదే" అన్నాడు.

పాతకాలం ద్వారబంధానికి నాలుగు వైపులు ఉండేవి: రెండు నిలువు చెక్కలు, పైన ఒకటి, కింద గడప. పసుపు రాసి బొట్లు పెట్టే ఆ గడప వాననీళ్ళకూ తేళ్ళకూ అడ్డం నిలవడమే కాదు, రెండు కాళ్ళనూ ఎడం చెదరకుండా పట్టి ఉంచేది. ఇప్పుడు సింహద్వారానికి తప్ప లోపలి గదులకు గడప పెట్టడం దాదాపు మానేశాం. దాంతో ద్వారబంధం మూడు వైపులదైంది. కింద కాళ్ళు వదులు. పక్కన ఇటుక పేర్చి, తాపీతో సిమెంటు కూరి, వరస తర్వాత వరస తట్టుకుంటూ పోతే ఆ కాళ్ళు లోపలికి నొక్కుకుపోతాయి. అర అంగుళం పోయిందా, తలుపు పట్టదు. అందుకే కింద ఒక పట్టె, నడుము ఎత్తున ఇంకో పట్టె. గోడ గట్టిపడ్డాక వాటికి పనిలేదు, పొయ్యిలోకి పోతాయి.

సరే, కాళ్ళు నిలిచాయి. మరి తల సంగతి? గుమ్మం పైన రెండున్నర, మూడు అడుగుల గోడ ఉంటుంది. ఆ బరువంతా ఎవరు మోస్తున్నారని ఎవరినైనా అడిగి చూడండి. "ద్వారబంధమే కదా, అందుకేగా టేకు పెట్టేది" అంటారు. కాదు. సరిగా కట్టిన ఇంట్లో ద్వారబంధం తలుపునొక్కదాన్నే మోస్తుంది. రేపు చెదలు పట్టి ద్వారబంధం మొత్తం పీకేసినా పైన గోడ కదలకూడదు. కదిలిందంటే కట్టడంలోనే తప్పుంది.

గోడలో బరువు కిందికి దిగుతుంది. దారిలో ఒక్కసారిగా గోడ లేకుండా పోతే అది పక్కకు తప్పుకుని, గుమ్మానికి అటూ ఇటూ ఉన్న గోడలోకి మళ్ళి నేలకు చేరుతుంది. కాలవలో బండ అడ్డమొస్తే నీళ్ళు రెండు పాయలై పక్కలనుంచి పోయినట్టు. గుమ్మం కట్టడమంటే నిజానికి బరువుకు ఈ పక్కదారి వేయడమే. చెక్క, తలుపు, బందులు, గడియ అన్నీ ఆ తర్వాతి సంగతి.

ఈ పక్కదారిలో కొంత ఇటుకే స్వయంగా వేసుకుంటుంది. ఇటుకలను మనం ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చం కదా, కింది రెండిటి అతుకు మీద పైదాని నడుము వచ్చేలా పేరుస్తాం. దాంతో ప్రతి ఇటుకా తన బరువును కింది రెండిటికీ పంచుతుంది. అలా పంచుకుంటూ పోతే గుమ్మం మీద గోడలో కనబడని ఒక కమాను ఏర్పడుతుంది. ఆ కమానుకు కింద, గుమ్మానికి పైన మిగిలే త్రికోణంలోని ఇటుకలకే నిజంగా ఆసరా కావాలి. మన ఇంజనీర్లు దీన్ని సాధారణంగా సమబాహు త్రికోణంగా లెక్కిస్తారు. మీటరు వెడల్పు గుమ్మం, తొమ్మిదంగుళాల గోడ అనుకోండి. త్రికోణం ఎత్తు 87 సెంటీమీటర్లు, దానిలో ఇటుక బరువు సుమారు 190 కిలోలు. గుమ్మం మీద 3 మీటర్ల ఎత్తున గోడ ఉంటే, ఈ కమానే లేకపోతే, మోయాల్సింది దాదాపు 1,300 కిలోలు.

అయితే ఈ కనబడని కమానుకు మూడు షరతులున్నాయి. సిమెంటు గట్టిపడేదాకా అది పుట్టదు. త్రికోణం పట్టేంత గోడ పైన ఉండాలి. పదడుగుల గదిలో ఏడడుగుల గుమ్మం మీద ఆ చోటు తరచు చాలదు. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. కమాను రెండు పక్కలకూ తోస్తుంది కాబట్టి ఆ తోపును కాచుకునే గోడ అటూ ఇటూ ఉండాలి. గుమ్మాన్ని గది మూలకు అంటించేస్తే ఒక భుజం లేనట్టే. మూలనుంచి కొంచెం గోడ వదిలి గుమ్మం పెట్టమని పాత మేస్త్రీలు పట్టుబట్టడానికి కారణం తలుపు తెరుచుకునే వీలు ఒక్కటే కాదు.

గ్రీసులో మైసినీ కోట సింహద్వారం చూస్తే ఈ లెక్క రాతిలో కనబడుతుంది. క్రీస్తుపూర్వం 1250 ప్రాంతంలో కట్టిన ఆ ద్వారం మీద అడ్డంగా ఉన్న ఒక్క రాయే సుమారు 20 టన్నులు. దాని మీద గోడను అలాగే కొనసాగించకుండా ఒక త్రికోణం ఖాళీ వదిలారు. ఆ ఖాళీని పలచని రాతిపలకతో మూసి, పలక మీద రెండు సింహాలను చెక్కారు. చూసేవాళ్ళకు సింహాలు కనబడతాయి. కట్టినవాళ్ళకు కావాల్సింది వాటి వెనక ఖాళీ.

అంత పెద్ద రాయికి అంత భయమెందుకు? రాయిని నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోలేదు. రెండు కొసల మీద ఆనించిన దేన్నయినా మధ్యలో బరువు పెట్టి వంచితే పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. రబ్బరు చెప్పును వంచి చూస్తే రెండూ ఒకేసారి కనబడతాయి. రాతి దూలం అడుగున చిన్న పగులు మొదలైతే ఇక ఆగదు. ఓరుగల్లు కోటలో కాకతీయుల తోరణాలు నిలువు స్తంభాలు, అడ్డదూలాల పద్ధతిలో కట్టినవి. రాయి ఎంత దూరం దాటగలదో ఎరిగిన శిల్పుల పని అది. 1591 నాటి చార్మినారు దగ్గర పద్ధతి మారింది. నాలుగు వైపులా కమానులే. కమానులో ప్రతి రాయీ పక్కదాన్ని నొక్కుతుంది తప్ప లాగదు కాబట్టి అదే రాయితో ఇంకా పెద్ద ద్వారాలు తెరవొచ్చు.

మన ఇళ్ళలో ఈ తగవు తీర్చింది ఇనుప చువ్వ. కాంక్రీటు కూడా రాయి జాతే. నొక్కుడుకు ఓర్చుకునేదానిలో పదో వంతు మాత్రమే లాగుడుకు ఓర్చుకుంటుంది. కాబట్టి లాగుడు ఉన్న చోట, అంటే గుమ్మం మీద అడ్డంగా పోసే కాంక్రీటు దూలం, లింటెల్, అడుగున చువ్వలు వేస్తాం. పైన వేసే సన్న చువ్వలు ముఖ్యంగా రింగులను పట్టి ఉంచడానికి. ఇది తెలియక జరిగే పొరపాటును దగ్గరనుంచి చూశాను. మా వంటింటి గుమ్మం మీద లింటెల్‌కు కట్టిన చువ్వల బోనును కుర్రాడు ఎత్తి పెట్టె చెక్కల్లో దించాడు. లావు చువ్వలు మూడూ పైకొచ్చాయి, సన్నవి రెండూ కిందికి పోయాయి. కాంక్రీటు కలిపేశారు, తట్టలు అందుకుంటున్నారు. మేస్త్రీ ఒక్క చూపు చూసి "తల్లకిందులు పెట్టావురా, తియ్యి" అన్నాడు. మరో అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆ తప్పు జన్మలో కనబడేది కాదు. పూత పూసి రంగు వేశాక తిన్నగా పెట్టిన లింటెలూ, తిరగేసి పెట్టిన లింటెలూ ఒక్కలాగే ఉంటాయి.

లింటెల్ రెండు కొసలూ గోడ మీదికి ఎంత ఎక్కాలన్నదీ ముఖ్యమే. ఒక్కోవైపు కనీసం 15 సెంటీమీటర్లు, అంటే ఆరంగుళాలు. పక్కకు మళ్ళిన బరువంతా ఆ జానెడు లోపు చోటులోంచే దిగాలి మరి. అక్కడ విరిగిన ఇటుకలు, అర ఇటుకలు పెట్టనివ్వకండి.

బరువు దారి మళ్ళిన చోట రద్దీ ఎక్కువ. గుమ్మాల పై మూలలనుంచి, కిటికీల కింది మూలలనుంచి ఏటవాలుగా పాకే పగుళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. గోడ మధ్యలో ఎక్కడా లేని పగులు సరిగ్గా మూలలోనే ఎందుకు పుడుతుంది? లాల్చీ పక్కన చీలిక ఎక్కడ ముగుస్తుందో అక్కడ దర్జీ నాలుగు కుట్లు అడ్డంగా వేస్తాడు; లేకపోతే బట్ట చిరగడం అక్కడే మొదలవుతుందని అతనికి తెలుసు. ఈ సంగతిని గణితంలోకి తెచ్చినవాళ్ళలో ఇద్దరిని చెప్పుకోవాలి. లాగుతున్న రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచున ఒత్తిడి మామూలుకంటే మూడు రెట్లవుతుందని 1898లో జర్మన్ ఇంజనీరు కిర్ష్ లెక్కగట్టాడు. మూల ఎంత కోసుగా ఉంటే ఒత్తిడి అంత పెరుగుతుందని 1913లో ఇంగ్లండులో ఇంగ్లిస్ చూపించాడు. గుమ్మం మూలకంటే కోసుదేముంది? గోడ ఆరుతూ కాస్త కుంచించుకున్నా, ఎండకు కాస్త సాగినా ఆ లాగుడు మొదట తెలిసేది మూలకే. పూత పూసేముందు మూలల మీద ఏటవాలుగా సన్న జాలీ ముక్క బిగిస్తే చాలావరకు కాస్తుంది. అది దర్జీ వేసే కుట్టులాంటిదే. ఈ పగుళ్ళలో ఎక్కువభాగం భయపడాల్సినవి కావు. వేలిగోరు దూరేంత వెడల్పయినా, నెలనెలా పెరుగుతున్నా అప్పుడు ఇంజనీరుకు చూపించాలి.

ఇప్పటిదాకా చెప్పింది బరువు మోసే గోడ గురించి. పిల్లర్లూ బీములూ వేసి కట్టే ఇంట్లో గదుల మధ్య లేచే నాలుగున్నర అంగుళాల గోడ కథ వేరు. అది పైనుంచి ఏమీ మోయదు, మోయకూడదు. పైన బీము రోజులు గడిచేకొద్దీ కొద్దిగా కిందికి వంగుతుంది. కొత్త గోడ ఆరి కొద్దిగా దిగుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీ పై వరస వెంటనే బిగించడు, కొన్ని రోజులు ఆగి నింపుతాడు. తొందరపడి మొదటిరోజే బిగించిన చోట బీము కింద అడ్డంగా పగులు గీత వస్తుంది.

బరువు లేదు కదా అని ఈ సన్నగోడను తేలిగ్గా తీసుకోకూడదు. దీని ఇబ్బంది నిలబడడమే. పదడుగుల ఎత్తు, నాలుగున్నర అంగుళాల మందం. అంటే మందానికి 26 రెట్లకు పైగా ఎత్తు. పోస్టుకార్డును నిలబెట్టండి, నిలవదు. మధ్యలో మడిచి నిలబెట్టండి, నిలుస్తుంది. గోడకు ఆ మడత మూలల్లో, పిల్లర్ల దగ్గర దొరుకుతుంది. గుమ్మం తెరిచారంటే ఆ గోడను మధ్యలో కోసినట్టు. కోసిన రెండు అంచులూ ఏ ఆసరా లేనివి. పైగా రోజుకు పాతికసార్లు తలుపు విసురుగా పడేది సరిగ్గా ఆ అంచు మీదే. అందుకే సన్నగోడలో మూడు నాలుగడుగులకోసారి రెండు సన్న చువ్వలతో పలచని కాంక్రీటు పట్టీ వేస్తారు. వెడల్పాటి గుమ్మమైతే పక్కన చిన్న పిల్లరు లేపుతారు. ద్వారబంధానికి ఒక్కోవైపు హోల్డ్ ఫాస్టులనే ఇనుప పట్టీలు మూడేసి బిగించి వాటి తోకలను కాంక్రీటులో పూడుస్తారు. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్ళు ముందు మానేసేవి ఈ మూడే. నాలుగేళ్ళకు ద్వారబంధం చుట్టూ వేలాడే పూతపెచ్చుల్లో ఆ ఆదా కనబడుతుంది.

గుమ్మం మీద లింటెల్ గుమ్మం దాటి, ఇంటి చుట్టూ, అన్ని గోడల్లోంచీ నడికట్టులా పోతే? అదే లింటెల్ బ్యాండ్. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణేశ నిమజ్జనం చేసి జనం నిద్రపోతున్న వేళ, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. మట్టిలో రాళ్ళు పేర్చి కట్టిన లావుపాటి గోడలు మనుషుల మీద కూలాయి. వేలమంది పోయారు. కిల్లారిలో ఇళ్ళు చాలావరకు పూర్తిగానో సగమో కూలిపోగా, లింటెల్ బ్యాండ్ ఉన్న ఒక ఇల్లు పెద్ద దెబ్బ లేకుండా నిలిచింది. నాలుగు గోడలూ నాలుగు వైపులకు విడిపోకుండా ఆ నడికట్టు పట్టి ఉంచింది. ఇటుక, రాతి కట్టడాల్లో వేసే పట్టీలన్నిటిలో ముఖ్యమైనది ఇదేనని మన భూకంప ఇంజనీర్లు చెబుతారు. గుమ్మాల మీద ఎలాగూ లింటెల్ వేస్తున్నాం, దాన్ని కలుపుకుపోతే అయ్యే అదనపు ఖర్చు కొంచెమే. బరువు మోసే గోడలతో కట్టే ఊళ్ళలో ఇప్పటికీ దీన్ని మానేయడం నాకు మింగుడుపడని సంగతి.

ఇప్పుడు సముద్రం దాటి వెళ్దాం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల ఇంటికి వెళ్ళిన తల్లిదండ్రులు మొదట చేసే పని గోడ మీద వేలితో తట్టడం. డొల్లగా మోగుతుంది. "ఇంత డబ్బు పోసి అట్టపెట్టె కొన్నారేంట్రా!" అంటారు. దేవుడి పటానికి మేకు కొడితే సున్నపుపొడి రాలి మేకు లోపలికి జారిపోతుంది. కొంచెం పక్కన కొడితే దిట్టంగా దిగుతుంది. ఆ రెండో చోట కర్ర ఉంది.

అమెరికాలో సామాన్యుల ఇళ్ళు ఎక్కువభాగం కర్ర అస్థిపంజరాలు. రెండు-నాలుగు అని పిలిచే కర్రలు నిలువుగా, ఒకదాని నడుమునుంచి ఇంకోదాని నడుముకు 16 అంగుళాల దూరంలో వరసగా నిలబడతాయి. పేరుకే రెండు, నాలుగు. కోసి ఆరబెట్టి చిత్రిక పట్టాక చేతికొచ్చేది ఒకటిన్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు. 16 అంగుళాలే ఎందుకంటే పైన బిగించే జిప్సం పలక వెడల్పు 48 అంగుళాలు, మూడు పదహార్లు. పలక అంచు ఎప్పుడూ కర్ర మీదే ఆగుతుంది. అక్కడి కొలత టేపుల మీద ప్రతి 16 అంగుళాలకూ గుర్తు వేసే ఉంటుంది. కింద అడ్డంగా ఒక కర్ర, పైన అడ్డంగా రెండు, మధ్యలో నిలువు కర్రలు: గోడనంతా నేల మీద పడుకోబెట్టి మేకులు కొట్టి, నలుగురు పట్టి లేపి నిలబెడతారు.

ఈ తరహా తేలిక కట్టడం 1830ల్లో షికాగో ప్రాంతంలో జోరందుకుంది. అంతకుముందు లావు దూలాలకు గాడులు చెక్కి బిగించే వడ్రంగం కావాల్సివచ్చేది. రంపపు మిల్లులు సన్నకర్రలనూ, యంత్రాలు చవక మేకులనూ కుమ్మరించాక సుత్తి పట్టగలవాడల్లా ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. గాలికి ఎగిరిపోయేలా ఉందని దానికి బెలూన్ ఫ్రేమ్ అని వెటకారంగా పేరు పడిందని చెబుతారు. మొదట్లో నిలువు కర్రలు కిందినుంచి రెండో అంతస్తు దాకా ఒకటే పొడవు ఉండేవి. వాటి మధ్య సందులు నిప్పుకు పొగగొట్టాల్లా పనిచేశాయి. తర్వాత ఏ అంతస్తు గోడ ఆ అంతస్తులోనే ఆగేలా మార్చారు. పై అడ్డకర్రలే మంటను కొంతసేపు ఆపుతాయి. మిగతా కాపు జిప్సం పలకది. మనం అట్ట అని వెక్కిరించే ఆ పలకలోని జిప్సం బరువులో 21 శాతం నీరే. ఖనిజంలో కలిసిపోయిన నీరు. మంట తగిలితే ఆ నీరు ఆవిరై పోయేదాకా వెనకున్న కర్ర అంత తేలిగ్గా వేడెక్కదు.

ఈ గోడలో గుమ్మం తెరవాలంటే ఏం చేస్తారు? వరసలోంచి ఒకటో రెండో నిలువు కర్రలు మానేయాలి. మానేసిన కర్రల బరువు పక్కకు మళ్ళాలి. మన కథే. గుమ్మానికి రెండు పక్కలా నేలనుంచి పైదాకా నిలువుగా ఉండేది కింగ్ స్టడ్. దాన్ని ఆనుకుని, గుమ్మం ఎత్తుదాకా మాత్రమే ఉండేది జాక్ స్టడ్. పేకాటలోని రాజు, జాకీ అన్నమాట. రాణి ఎందుకో లేదు. రెండు జాకీల తలల మీద అడ్డంగా కూర్చునేది హెడర్, అంటే వాళ్ళ లింటెల్. మన లింటెల్ గోడ మీదికి ఆరంగుళాలు ఎక్కినట్టే హెడర్ జాకీ మీదికి ఒకటిన్నర అంగుళాలు ఎక్కుతుంది. హెడర్ మీదనుంచి పైకర్ర దాకా పొట్టి కర్రలు కొన్ని, అవే పదహారు అంగుళాల తాళంలో.

బరువు లేని లోపలి గోడైతే హెడర్‌గా ఒకే కర్రను బల్లపరుపుగా పడుకోబెడితే సరిపోతుంది. పై అంతస్తును మోసే గోడైతే రెండు వెడల్పాటి పలకలను అంచు మీద నిలబెట్టి, మధ్యలో అర అంగుళం ప్లైవుడ్ పెట్టి మేకులు కొడతారు. ఒకటిన్నర, ఒకటిన్నర, అర: మొత్తం మూడున్నర. గోడ మందానికి సరిగ్గా సరిపోయింది. పడుకోబెట్టడానికీ నిలబెట్టడానికీ తేడా ఏమిటో గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో రాశాడు. స్కేలును పడుకోబెట్టి వంచితే వంగుతుంది, నిలబెట్టి వంచితే వంగదు. ఆ మూడున్నర, ఒకటిన్నర కర్రనే నిలబెడితే బలం 2.3 రెట్లు పెరుగుతుంది. వంగకుండా నిలిచే బిగువైతే దాదాపు 5.4 రెట్లు. కర్ర ఒకటే, పెట్టిన తీరే వేరు.

ఆ గోడ మందం లెక్కేసి చూస్తే నాకు నవ్వొచ్చింది. మూడున్నర కర్ర, రెండు వైపులా అర అంగుళం చొప్పున పలకలు. నాలుగున్నర అంగుళాలు! మన సగం ఇటుక గోడ మందమే. బరువు మాత్రం దాదాపు పదో వంతు.

ఇంకొకటి నన్ను ఆ పడిపోయిన సాయంత్రానికి తీసుకెళ్ళింది. అక్కడి వడ్రంగి గోడను నేల మీద తయారుచేసేటప్పుడు కింది అడ్డకర్రను గుమ్మం దగ్గర వదిలేయడు. గుమ్మంలోంచి కూడా ఒకటే కర్రగా పోనిస్తాడు. గోడ లేపి, నిలువు సరిచూసి, నేలకు బిగించాక అప్పుడు రంపంతో ఆ ముక్క కోసి తీసేస్తాడు. లేకపోతే లేపేటప్పుడు గుమ్మం కాళ్ళు ఎడమైపోతాయి. గోడ లేచేదాకా అదే గడప!

లేచాక చూసుకోవాల్సిన నిలువు సంగతి ఏ దేశంలోనైనా ఒకటే. మా అమ్మమ్మగారింట్లో వెనకగది తలుపు రాత్రిపూట దానంతటదే మూసుకునేది. చిన్నప్పుడు మాకు ఆ గదంటే హడల్. పెద్దయ్యాక మా మావయ్య దారానికి తాళంచెవి కట్టి బందుల పక్కన వేలాడదీసి చూపించాడు. పై బందుకూ కింది బందుకూ మధ్య వేలెడు తేడా. బందుల గీత ఖచ్చితంగా నిలువుగా ఉంటే తలుపు ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. వాలి ఉంటే తలుపు తిరిగే కొద్దీ దాని బరువు కొంచెం లేస్తుంది, కొంచెం దిగుతుంది. వదిలేస్తే అన్నిటికంటే కింది చోటుకు పోయి ఆగుతుంది, ఊయల లాగే. 30 కిలోల తలుపు, రెండు మీటర్లకు ఒక సెంటీమీటరు వాలు ఉంటే పిడి దగ్గర తోపు ఎంత? మహా అయితే 80 గ్రాముల బరువంత. తుప్పు పట్టిన బందులు ఆ మాత్రం తోపును ఆపేస్తాయి. అందుకే మా దయ్యం ఎప్పుడూ బందులకు నూనె వేసిన వారంలోనే వచ్చేది.

వానాకాలంలో తలుపు పట్టేయడం మాత్రం వాలు వల్ల కాదు. కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది, అదీ ఒకవైపే. పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మారుతుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండితే వలయాల వెంట దాదాపు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుంటుంది. టేకు ఈ విషయంలో నెమ్మదస్తురాలు, ఎన్నో కర్రలు దీనికంటే ఎక్కువ ఆడతాయి. అయినా రెండున్నర అడుగుల వెడల్పున పలకలు కలిపి అతికిన తలుపు వేసవికీ శ్రావణానికీ నాలుగైదు మిల్లీమీటర్లు మారగలదు. తలుపుకూ ద్వారబంధానికీ మధ్య వదిలే సందు మూడు మిల్లీమీటర్లే! పాత వడ్రంగులు దీనికి చేసిన ఉపాయం ఇప్పటికీ మన సింహద్వారాల్లో ఉంది. నాలుగు వైపులా సన్నటి చట్రం, దాని గాడుల్లో జిగురూ మేకూ లేకుండా వదులుగా కూర్చున్న పలకలు. పలక ఉబ్బితే గాడిలోకి పోతుంది, ఎండితే వెనక్కి వస్తుంది. చట్రం వెడల్పు దాదాపు మారదు. ఆ పలకల మీద చెక్కిన హంసలనూ కలశాలనూ అందరూ మెచ్చుకుంటారు. గాడిలో దాగిన ఆ పావు అంగుళం ఖాళీని ఎవరూ చూడరు.

ఇక మన ఊళ్ళలో గుమ్మాలకు జరిగే అసలు ప్రమాదం దగ్గరికొద్దాం. కొన్నాళ్ళుగా కాపురమున్న ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగుండదు, వ్యాపారం కలిసిరాదు. ఎవరో వచ్చి గుమ్మం తూర్పుకు జరపమంటారు. మర్నాడే సమ్మెటతో ఇద్దరు మనుషులు దిగుతారు. వాస్తు మీద ఎవరి నమ్మకం వాళ్ళది, ఇక్కడ దాని జోలికి పోను. కానీ ఆ సమ్మెట దెబ్బ పడే గోడ ఏ జాతిదో అడిగినవాళ్ళను నేను తక్కువ చూశాను. పిల్లర్లున్న ఇంట్లో సన్నగోడైతే పెద్ద ముప్పు ఉండకపోవచ్చు. పిల్లర్లు లేకుండా తొమ్మిదంగుళాల గోడల మీద శ్లాబు ఆనిన పాత ఇల్లయితే ఆ గోడ ఆ క్షణంలోనూ బరువు మోస్తూనే ఉంది. దానికి పక్కదారి వేయకుండా ఉన్న దారి తవ్వేస్తున్నాం.

చేయాల్సిన వరస ఇలా ఉంటుంది. ముందు శ్లాబుకు రెండు వైపులా గట్టి ఆసరాలు నిలపాలి. తర్వాత గుమ్మం రాబోయే చోట, పైన, గోడ మందంలో సగం మాత్రమే తొలిచి అందులో సగం లింటెల్ దించి, పైసందు సిమెంటుతో బిగించాలి. అది గట్టిపడ్డాక రెండోవైపు సగం. రెండూ బరువు అందుకున్న తర్వాతే కింది గోడను పైనుంచి ఒక్కో ఇటుకగా విప్పుకుంటూ రావాలి. మొత్తం పని వారం పది రోజులు పడుతుంది, సగం రోజులు ఊరికే కూర్చుని ఎదురుచూడటమే. ముహూర్తం దగ్గర పడిందని ఆ ఎదురుచూపును ఎగరగొట్టే మేస్త్రీని పనిలో పెట్టకండి. సమ్మెట పట్టించేముందు ఒక ఇంజనీరుకు ఫీజిచ్చి గోడ చూపించండి. ఆయన వచ్చేలోపు మీరూ ఒకసారి మేడమెట్లెక్కి, కొట్టబోయే చోటుకు సరిగ్గా పైన ఏముందో చూసి రండి. చాలా ఇళ్ళలో అక్కడ నీళ్ళ ట్యాంకు ఉంటుంది.